పెరూ తీరం నుంచి ఉయునీ ఉప్పు ఎడారి దాకా: జంటగా దక్షిణ అమెరికా తిరగాలనుకునేవాళ్ళకి స్టెప్ బై స్టెప్

దక్షిణ అమెరికా అనగానే మనవాళ్ళకి మాచు పిచ్చు, అమెజాన్, రియో బీచ్ గుర్తొస్తాయి, కానీ ఆ ఖండానికి పడమటి అంచున, సముద్రానికి ఆనుకునే, పెరూ నుంచి చిలీ మధ్య దాకా ఎడారి ఉంది. మేమిద్దరం ఉద్యోగాలకి లాంగ్ లీవ్ పెట్టి ఆ ఎడారి వెంబడే, మధ్యమధ్యలో ఊళ్ళలో ఆగుతూ తిరిగాం. వచ్చాక చుట్టాలూ ఫ్రెండ్సూ ఒకటే అడగడం, ఎలా ప్లాన్ చేశారు, ఎంత కష్టం, వెజిటేరియన్‌కి ఏం దొరుకుతుంది అని. అందుకే అంతా ఒక్కచోట రాస్తున్నా, కొంచెం పెద్దగానే ఉంటుంది.

ముందు ఒక్క మాట చెప్తా, ఇది పట్టుకుంటే మిగతాదంతా ఈజీ. ఈ ట్రిప్‌లో ఏం చూడాలి అన్నది కాదు అసలు ప్రశ్న, ఏది ముందు ఏది తర్వాత అన్నదే. చూడాల్సిన లిస్టు ఎక్కడైనా దొరుకుతుంది, వరస తప్పితే మాత్రం సగం రోజులు హోటల్ రూములో తలనొప్పితో పడుకోవడానికే పోతాయి.

స్టెప్ 1: వరస, ఎత్తుని బట్టి

ఇక్కడ సముద్ర మట్టం నుంచి నాలుగు వేల మీటర్ల పైదాకా వెళ్తారు. తిరుమల కొండ వెయ్యి మీటర్ల లోపే, అది గుర్తుపెట్టుకుని ఈ నంబర్లు చూడండి. లీమా సముద్రం ఒడ్డున. అరేకిపా 2,335 మీటర్లు. సాన్ పెద్రో దె అటకామా సుమారు 2,400. ఉయునీ, లా పాజ్ రెండూ దాదాపు 3,650. సాన్ పెద్రో నుంచి ఉయునీకి జీపులో వెళ్ళే దారిలో రాత్రి పడుకునే చోటే 4,300 దగ్గర ఉంటుంది.

చాలామంది ఫ్లైట్ చవగ్గా వచ్చిందని నేరుగా లా పాజ్‌లో దిగుతారు, అక్కడ ఎయిర్‌పోర్టే నాలుగు వేల మీటర్ల మీద ఉంది, దిగిన గంటల్లోనే తల పగిలిపోతూ ఉంటుంది. అందుకని నేను చెప్పే వరస ఇది: పెరూలో లీమా, పరాకస్, ఉవకచీనా, నాస్కా, అరేకిపా, బోర్డర్ దాటి చిలీలో అరీకా, సాన్ పెద్రో, జీపులో బొలీవియాకి దాటి ఉయునీ, లా పాజ్, చివరికి ఫ్లైట్‌లో అర్జెంటీనాలో బ్యూనస్ ఐరిస్. మెల్లగా ఎక్కుతారు, మధ్యలో అరీకా దగ్గర మళ్ళీ సముద్రానికి దిగి ఊపిరి పీల్చుకుంటారు, అన్నిటికన్నా ఎత్తులో పడుకునే రాత్రి ట్రిప్‌లో రెండో సగంలో వస్తుంది. ఎడారి, ఊరు, ఎడారి, ఊరు అని కూడా వస్తుంది, జంటకి అది చాలా అవసరం, ఎందుకో కింద చెప్తా.

టికెట్ మల్టీ సిటీ తీసుకోండి, లీమాలో దిగి బ్యూనస్ ఐరిస్ నుంచి వెనక్కి. ఇండియా నుంచి డైరెక్ట్ ఫ్లైట్ లేదు, యూరప్ మీదుగానో గల్ఫ్ మీదుగానో మారాలి. అమెరికా మీదుగా చవకని తీసుకుంటే, అక్కడ విమానం మారడానికి కూడా ఆ దేశం వీసా కావాలి.

స్టెప్ 2: ఏ నెల

భూమికి దిగువ సగం కాబట్టి మన ఎండాకాలం వాళ్ళకి చలికాలం. ఉయునీలో నీళ్ళు నిలిచి ఆకాశం మొత్తం కింద అద్దంలో కనపడే ఫొటోలు కావాలంటే వాన పడే కాలంలో, జనవరి నుంచి మార్చి లోపల వెళ్ళాలి, కానీ అప్పుడు నీళ్ళు ఎక్కువైతే మధ్యలో ఉన్న కాక్టస్ దీవి ఇంకావాసికి జీపులు పోవు. మే నుంచి నవంబర్ దాకా ఎండి, నేలంతా ఆరు పలకల గడులు పడి ఉంటుంది. జూన్, జూలైలో రాత్రి మైనస్ పదిహేను దాకా పడిపోగలదు, మంచు పడితే చిలీ నుంచి బొలీవియాకి వెళ్ళే కనుమ మూసేస్తారు కూడా. లీమా అయితే జూన్ నుంచి అక్టోబర్ దాకా ఎండ మొహం చూపించదు, రోజంతా బూడిద రంగు మబ్బు, చర్మం తడిసీ తడవని తుంపర, దాన్ని గరువా అంటారు.

నా ఓటు ఏప్రిల్, మే నెలలకి. ఒక్కోసారి అంచుల్లో ఇంకా కొంచెం నీళ్ళు ఉంటాయి, చలి భరించే స్థాయిలోనే ఉంటుంది. ఇంకొకటి, క్యాలెండర్‌లో అమావాస్య ఎప్పుడో చూసి సాన్ పెద్రో రోజుల్ని దాని చుట్టూ పెట్టుకోండి. పౌర్ణమికి అక్కడికి వెళ్తే నక్షత్రాలు సరిగా కనపడవు, చాలా స్టార్ టూర్లు ఆ రోజుల్లో నడపరు.

స్టెప్ 3: వీసాలు, టీకా, కాగితాలు

ఇండియన్ పాస్‌పోర్ట్ మీద, కనీసం ఆరు నెలలు వాలిడిటీ మిగిలి ఉన్న అమెరికా, కెనడా, యూకే, ఆస్ట్రేలియా, షెంగెన్ వీసాల్లో ఏదో ఒకటి ఉంటే పెరూకి టూరిస్టుగా వేరే వీసా అక్కర్లేదు. చిలీ కూడా అమెరికా వీసా ఉన్నవాళ్ళకి ఇలాంటి వెసులుబాటే ఇచ్చింది. బొలీవియా, అర్జెంటీనాల రూల్స్ వేరు. ఇవి మారుతూ ఉంటాయి కాబట్టి టికెట్ కొనే ముందు నాలుగు దేశాల కాన్సులేట్ సైట్లూ ఒకసారి చూసుకోండి, ఏజెంట్ మాట మీద ఆగకండి.

అమెరికాలో ఉద్యోగాలు చేసుకుంటూ అక్కణ్ణించి వెళ్ళే మనవాళ్ళకి ఒక ముఖ్యమైన విషయం. హెచ్1బీ ఎక్స్‌టెన్షన్ కాగితం ఉండి పాస్‌పోర్ట్‌లో స్టాంప్ ఎక్స్‌పైర్ అయి ఉంటే, కెనడా, మెక్సికోలకి కొద్దిరోజులు వెళ్ళొచ్చినట్టు ఇక్కడికి వెళ్ళి రాలేరు, స్టాంపింగ్ అయ్యాకే అమెరికాలోకి తిరిగి రానిస్తారు. పెరూకి వీసా లేకుండా పోవాలన్నా వాలిడ్ వీసా గానీ రెసిడెన్స్ కార్డు గానీ చూపించాల్సిందే.

ఎల్లో ఫీవర్ టీకా ఇద్దరూ వేయించుకోండి. ఎడారిలో దోమలెక్కడివి అని అడుగుతారు, నిజమే, తీరంలో, ఎత్తు మీద ఆ జబ్బు భయం లేదు, కానీ పెరూ, బొలీవియా రెండూ ఆ జబ్బున్న దేశాల లిస్టులో ఉన్నాయి కాబట్టి ఇండియాకి తిరిగొచ్చేటప్పుడు టీకా వేయించుకున్నట్టు ఇచ్చే పసుపు కార్డు లేకపోతే ఎయిర్‌పోర్ట్‌లో క్వారంటైన్‌లో పెట్టే హక్కు వాళ్ళకుంది. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు పడాలి, ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎంలో వేస్తారు, విశాఖలో పోర్ట్ హెల్త్ ఆఫీసులో. గుడ్డు ఎలర్జీ ఉన్నవాళ్ళూ, గర్భిణులూ, అరవై దాటినవాళ్ళూ ముందు డాక్టర్‌తో మాట్లాడాలి.

స్టెప్ 4: ఎత్తుకి ఒళ్ళు అలవాటు చేయడం

ఎత్తు మీద గాలి పడక వచ్చే జబ్బుని అక్కడ సొరోచే అంటారు. తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఫిట్‌గా ఉన్నవాళ్ళకి రాదు అనుకోకండి, మా ఇద్దరిలో రోజూ పరిగెత్తే అలవాటున్న మా ఆయనకే ఎక్కువ వచ్చింది, నాకు ఒక్క రాత్రి నిద్ర పట్టలేదు అంతే.

మూడు వేల మీటర్లు దాటాక, పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్ల కంటే ఎక్కువ పెంచకూడదు అన్నది డాక్టర్లు చెప్పే రూలు. పగలు ఎంత పైకి వెళ్ళినా రాత్రికి కిందికి దిగి పడుకుంటే మంచిది. సాన్ పెద్రో నుంచి ఉయునీ జీపు ఈ రూలుని పాటించదు, 2,400 నుంచి ఒక్క రోజులో 4,300కి తీసుకెళ్ళి పడుకోబెడుతుంది. అందుకే ముందు అరేకిపా నుంచి కోల్కా లోయకి వెళ్ళండి, దారిలో 4,900 మీటర్ల కనుమ దాటుతారు. తర్వాత సాన్ పెద్రోలో ఆగి, నేలలోంచి వేడినీళ్ళు, ఆవిరి చిమ్మే ఎల్ తాతియోకి పొద్దున్నే పైకి వెళ్ళి మధ్యాహ్నానికి దిగండి. ఇవన్నీ అయ్యాకే జీపు ఎక్కండి. మొదటి రెండు రోజులూ మద్యం ముట్టకండి, రాత్రి భోజనం తక్కువ తినండి, నీళ్ళు తాగుతూ ఉండండి. డయామాక్స్ అనే మాత్ర పనికొస్తుంది, సల్ఫా మందులు పడనివాళ్ళకి ప్రమాదం కాబట్టి ఇక్కడే డాక్టర్ని అడిగి తీసుకెళ్ళండి. కోకా ఆకు టీ పెరూ, బొలీవియాల్లో ఎక్కడైనా ఇస్తారు, తాగొచ్చు, కానీ ఆకుల్ని గానీ టీ బ్యాగుల్ని గానీ బ్యాగులో వేసుకుని దేశం దాటొద్దు, చాలా దేశాల్లో అది డ్రగ్స్ కేసే.

జంటగా వెళ్ళడంలో అన్నిటికంటే పెద్ద లాభం ఇక్కడే. ఎత్తు జబ్బు ముదిరితే ఆ మనిషికే తెలియదు, మాట తడబడుతుంది, నడక తూలుతుంది, పైగా "నాకేం కాలేదు" అంటారు. పక్కవాళ్ళే గమనించాలి. రోజూ పొద్దున ఒకరినొకరు నిజంగా అడగండి, తల నొస్తోందా, ఏమైనా తిన్నావా, గీత మీద నడిచి చూపించు అని. తూలుతున్నా, కూర్చున్నప్పుడు కూడా ఆయాసం తగ్గకపోయినా టూర్ డబ్బులు పోతే పోయాయి అనుకుని వెంటనే కిందికి దిగిపోవాలి. బయల్దేరే ముందే ఇద్దరూ ఒప్పందం చేసుకోండి, దిగుదాం అని ఒకరంటే రెండోవాళ్ళు వాదించకూడదు.

స్టెప్ 5: బ్యాగు, పొడులు, డబ్బు

బట్టలు పొరలు పొరలుగా తీసుకెళ్ళండి, పొద్దున గడ్డ కట్టే చలి, మధ్యాహ్నం టీషర్టు, సాయంత్రం గాలి. సన్‌స్క్రీన్, పెదాలకి బామ్, ముక్కులో వేసుకునే ఉప్పునీటి స్ప్రే తప్పనిసరి, గాలి ఎంత పొడిగా ఉంటుందంటే ముక్కులోంచి రక్తం రావడం మామూలే. ఇద్దరి బట్టలూ రెండు బ్యాగుల్లోనూ కలిపి సర్దండి, ఒక బ్యాగు పోయినా ఇద్దరికీ ఓ జత మిగులుతుంది. కార్డులు కూడా అంతే, వేరే వేరే బ్యాంకులవి, ఎవరివి వాళ్ళ దగ్గర.

ఇప్పుడు మన పొడుల సంగతి. చిలీ బోర్డర్‌లో వ్యవసాయ శాఖ చెకింగ్ చాలా గట్టిది. పళ్ళు, కూరగాయలు, గింజలు, తేనె, పాల సరుకులు, ఎండబెట్టిన ఆకులు ఏవున్నా ఫారంలో డిక్లేర్ చేయాలి. డిక్లేర్ చేస్తే మహా అయితే తీసి పారేస్తారు, చెప్పకుండా దొరికితే ఫైన్ గట్టిగా పడుతుంది. అందుకని కందిపొడి, కారప్పొడి లాంటివి చిన్న ప్యాకెట్లలో పెరూలో ఉన్నన్నాళ్ళకే తీసుకెళ్ళండి, మిగిలితే ఫారంలో "అవును" దగ్గర టిక్ పెట్టి చూపించండి. బ్యాగులో మర్చిపోయిన ఒక్క యాపిల్ అయినా అంతే.

డాలర్లు కొత్తవి, మడత, గీత, చిరుగు లేనివి తీసుకెళ్ళండి, బొలీవియాలో చిన్న చిరుగున్నా తీసుకోరు. కార్డు మెషీన్ మీద డాలర్లలోనా లోకల్ కరెన్సీలోనా అని వస్తే మామూలుగా లోకల్ కరెన్సీయే నొక్కండి. దీనికి చిలీ హోటళ్ళు ఒక మినహాయింపు, అక్కడ విదేశీయులు డాలర్లలో గానీ విదేశీ కార్డుతో గానీ కట్టి, పాస్‌పోర్టూ ఎంట్రీ స్లిప్పూ చూపిస్తే 19 శాతం పన్ను తీసేస్తారు, ఆ స్లిప్ పారేయకండి. పెరూలో కూడా టూరిస్టులకి రూము మీద 18 శాతం పన్ను ఉండదు. లాంగ్ ట్రిప్‌లో ఇది చిన్న మొత్తం కాదు.

స్టెప్ 6: పెరూ తీరం

లీమా కోటి మంది దాకా ఉండే ఊరు, ఎడారి మీద కట్టింది. సముద్రం పక్కనే ఎడారి ఎలా అంటే, దక్షిణం నుంచి హంబోల్ట్ అనే చల్లటి ప్రవాహం ఒడ్డు వెంబడి పోతుంది, దాని మీద గాలి చల్లబడి పొగమంచు అవుతుంది గానీ పైకి లేచి వాన మబ్బు కాదు. అటువైపు అమెజాన్ నుంచి వచ్చే తేమని ఆండీస్ కొండలు ఆపేస్తాయి. ఊరి మధ్యలో ఉవకా పుక్యానా అనే పచ్చి ఇటుకల పిరమిడ్ పదిహేను వందల ఏళ్ళుగా నిలబడి ఉంది, వాన లేని ఊళ్ళో కాబట్టే నిలిచింది. మిరాఫ్లోరెస్‌లోనో బరాంకోలోనో రూము తీసుకోండి, సిమ్ కొనుక్కోండి, రోడ్డు పక్కన ఫోన్ చేతిలో పట్టుకుని నిలబడకండి.

తర్వాత బస్సు. పెరూలో లాంగ్ డిస్టెన్స్ బస్సులు బావుంటాయి, కామా అంటే బాగా వాలే సీటు, సెమీ కామా అంటే తక్కువ వాలేది. పాస్‌పోర్ట్ ఉన్న బ్యాగు పైన అరలో పెట్టకండి, ఒళ్ళోనే.

పరాకస్‌లో పొద్దున బోటులో బయెస్తాస్ దీవులు, సీ లయన్లు, పెంగ్విన్లు. మధ్యాహ్నం ఎర్ర ఇసుక బీచ్. ఉవకచీనా, ఈకా ఊరి పక్కనే ఉన్న చిన్న నీటి మడుగు, చుట్టూ ఆకాశమంత ఇసుక తిన్నెలు, తిన్నెల మీద తిప్పే బగ్గీ బండి రైడ్ సాయంత్రం నాలుగు తర్వాతది తీసుకోండి, ఎండ తగ్గి సూర్యాస్తమయం కూడా కలిసొస్తుంది. కెమెరా, ఫోను జిప్ కవర్లో వేయండి, ఇసుక లెన్సులోకి దూరితే ఇక అంతే.

నాస్కా గీతలు నాకు ఈ ట్రిప్ మొత్తంలో ఎక్కువ ఆలోచన పెట్టిన చోటు. పైన ఉన్న ముదురు రంగు రాళ్ళని పక్కకి తీస్తే కింద లేత రంగు నేల బయటపడుతుంది, అంతే టెక్నిక్, అలా గీసిన హమ్మింగ్‌బర్డ్, సాలీడు, కోతి సుమారు రెండు వేల ఏళ్ళుగా చెక్కుచెదరలేదు, వాన, గాలి లేక. పాన్ అమెరికన్ హైవే వేసేటప్పుడు ఒక బల్లి బొమ్మని మధ్యకి కోసేశారు, చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది. చిన్న విమానంలో చూడాలంటే ఖాళీ కడుపు, వాంతి మాత్ర, పొద్దున స్లాట్. విమానం రెండు వైపులా ఒరుగుతుంది, ఇద్దరిలో ఒకరికి కడుపు తిప్పే అలవాటుంటే హైవే పక్క టవర్ ఎక్కినా కొన్ని బొమ్మలు కనపడతాయి. ఊరి బయట కాంతయోక్ దగ్గర శంఖంలా తిరుగుతూ నేలలోకి దిగే నీటి బావులు తప్పకుండా చూడండి, ఎడారిలో ఆ జనం ఎలా బతికారో అక్కడ అర్థమవుతుంది, భూగర్భంలో కాలువలు తవ్వి నీళ్ళు తెచ్చుకున్నారు, ఇప్పటికీ పారుతున్నాయి.

స్టెప్ 7: అరేకిపాలో ఆగండి, తర్వాత బోర్డర్

తెల్లటి అగ్నిపర్వతపు రాయితో కట్టిన ఊరు, వెనక 5,822 మీటర్ల మిస్తీ కొండ. ఇక్కడ పరుగులు పెట్టకుండా ఉండండి, బట్టలు లాండ్రీకి వేయండి, 1579లో మొదలైన సాంతా కతలీనా మఠంలో నీలం ఎరుపు గోడల మధ్య ఒక పూట గడపండి.

నెలల తరబడి ఇరవై నాలుగ్గంటలూ కలిసే ఉంటే ఎంత ప్రేమున్నా చిరాకు వస్తుంది, ఎడారి టూర్లలో తెల్లవారుజాము మూడింటికి లేవడం, దుమ్ము, ఆకలి కలిస్తే ఇంకా ఎక్కువ. మేము పెట్టుకున్న పద్ధతి ఏంటంటే రోజు మార్చి రోజు ఒకరిది నిర్ణయం, ఆ రోజు హోటల్, తిండి, దారి అన్నీ వాళ్ళే, రెండోవాళ్ళు సణక్కూడదు. ఊళ్ళోకొచ్చాక ఒక పూట ఎవరికి వాళ్ళు తిరగాలి, సాయంత్రం కలుసుకుని ఏం చూశామో చెప్పుకోవాలి. నాకు మ్యూజియం, ఆయనకి మార్కెట్. ఆ సాయంత్రాలు మాట్లాడుకోవడానికి బోలెడు ఉండేది.

అరేకిపా నుంచి తక్నా దాకా బస్సు, అక్కణ్ణించి అరీకాకి షేర్ కార్లు, డ్రైవరే కాగితాల పని దగ్గరుండి చూస్తాడు. చిలీ గడియారం పెరూ కంటే ముందుంటుంది, తర్వాతి బస్సు బుక్ చేసుకునేటప్పుడు చూసుకోండి. అరీకా దగ్గర అసాపా లోయ మ్యూజియంలో చించోర్రో మమ్మీలు ఉన్నాయి, ఏడు వేల ఏళ్ళ నాటివి, ఈజిప్ట్ మమ్మీల కంటే రెండు వేల ఏళ్ళు ముందువి, రాజులని కాకుండా మామూలు జనాన్నీ పసిపిల్లల్నీ కూడా అలా దాచుకున్నారు. వీలైతే ఇకీకే దగ్గర హంబర్‌స్టోన్ కూడా, ఎడారిలోంచి నైట్రేట్ తవ్వి ప్రపంచానికి ఎరువు అమ్మిన ఊరు, ఫ్యాక్టరీలో ఎరువు తయారుచేయడం వచ్చాక పడిపోయింది, 1960లో మూతపడింది, థియేటరూ స్కూలూ బెంచీలతో సహా అలాగే ఉన్నాయి.

స్టెప్ 8: సాన్ పెద్రో దె అటకామా

విమానంలో అయితే కలామాలో దిగి వంద కిలోమీటర్లు. మట్టి గోడల చిన్న ఊరు, రేట్లు మాత్రం ఈ రూటంతట్లో ఇక్కడే మంట, ఏటీఎంలు తక్కువ, క్యాష్ ముందే తెచ్చుకోండి. ఉన్న టూర్లన్నీ తీసుకోవాల్సిన పనిలేదు. వయె దె లా లూనా, అంటే చంద్రుడి లోయ, సైకిల్ మీద సగం ఖర్చుతో అయిపోతుంది, నీళ్ళు మాత్రం మనిషికి మూడు లీటర్లు మోయాలి. ఎల్ తాతియో గీజర్లకి టూర్ తీసుకోవాల్సిందే, చీకట్లో బయల్దేరాలి, ఎందుకంటే తెల్లవారుజామున చలికే ఆవిరి స్తంభాలుగా లేచి కనపడుతుంది, ఎండ ఎక్కాక పలచబడిపోతుంది. చాక్సా మడుగు దగ్గర ఫ్లెమింగోలు.

స్టార్ టూర్ ఒక్కటి తప్పనిసరి. మన ఊళ్ళ నుంచి దిక్చక్రం అంచునే దాగుండే మెగెల్లానిక్ మేఘాలు అక్కడ కళ్ళతోనే కనపడతాయి. ప్రపంచంలో పెద్ద టెలిస్కోపులు ఇక్కడ ఎందుకు పెట్టారో వేరే చెప్పక్కర్లేదు, పైన 5,000 మీటర్ల చాహ్నాంతోర్ మైదానంలో ఆల్మా అనే రేడియో టెలిస్కోపు యాంటెన్నాలు 66 ఉన్నాయి. కింద బేస్ క్యాంప్‌కి వారాంతంలో సందర్శకుల్ని తీసుకెళ్తారు, ముందే ఆన్‌లైన్‌లో పేరు రాయించుకోవాలి.

స్టెప్ 9: మూడు రోజుల జీపు

ఆఫీసుకెళ్ళి ఇవి అడగండి: జీపులో ఎంతమంది, ఆరుగురికి మించకూడదు. సీటు బెల్టులు పనిచేస్తున్నాయా. ఆక్సిజన్ సిలిండర్ ఉందా. స్లీపింగ్ బ్యాగ్ ఇస్తారా. డ్రైవర్ ముందురోజు రాత్రి పడుకున్నాడా, అది కూడా మొహమాటం లేకుండా అడగండి. వెజిటేరియన్ అని బుకింగ్ కాగితం మీద రాయించండి. రిజర్వ్ ఎంట్రీ, టాయిలెట్లు, వేడినీళ్ళు అన్నిటికీ బొలీవియానోలు చిల్లరగా చేతిలో ఉండాలి, దారిలో కార్డు నడవదు.

మొదటి రోజు పచ్చ మడుగు, వెనక లికాంకాబుర్ అగ్నిపర్వతం, 4,800 దాటిన చోట బుడగలు ఉడికే మట్టి గుంటలు, సాయంత్రానికి ఎర్ర మడుగు లగునా కొలొరాదా. ఆ రంగు నీళ్ళలోని నాచుది, దాని మీదే ఫ్లెమింగోలు బతుకుతాయి. ఆ రాత్రే కష్టం. రూములో హీటర్ ఉండదు, అన్ని బట్టలూ వేసుకుని పడుకోండి, ఫోను బ్యాటరీలు స్లీపింగ్ బ్యాగులో పెట్టుకోండి, చలికి చచ్చిపోతాయి.

మూడో రోజు తెల్లారకముందే ఉప్పు మీదకి. పది వేల చదరపు కిలోమీటర్ల పైన ఉప్పు. నౌపడ ఉప్పుమడులు చూసినవాళ్ళు వాటికి గట్లు తీసేసి దిక్చక్రం దాకా పరిచినట్టు ఊహించుకోండి. ఇది సముద్రం నీళ్ళు పెట్టి పండించిన ఉప్పు కాదు, ఎప్పుడో ఎండిపోయిన సరస్సుల అడుగు. కళ్ళజోడు లేకుండా ఒక్క నిమిషం కూడా ఉండలేరు, గడ్డం కింద, ముక్కు కింద కూడా సన్‌స్క్రీన్ రాయండి, వెలుగు కింద నుంచి కొడుతుంది. ఫొటోల కోసం డ్రైవర్ చాలా ఆడిస్తాడు, అది అయ్యాక ఇద్దరూ కాస్త దూరం నడిచి ఊరికే నిలబడండి, గాలి తప్ప ఏ చప్పుడూ ఉండదు. నాకు ఆ పావుగంట కోసమైనా మళ్ళీ వెళ్ళాలని ఉంది.

స్టెప్ 10: లా పాజ్, బ్యూనస్ ఐరిస్

ఉయునీ నుంచి రాత్రి బస్సులో లా పాజ్. 2014లో మొదలైన కేబుల్ కార్ల లైన్లు అక్కడ సిటీ బస్సుల్లాగే నడుస్తాయి, చిల్లర డబ్బులకి ఊరు మొత్తం పై నుంచి చూసేయొచ్చు, సాయంత్రం దీపాలు వెలిగే టైముకి ఎల్ ఆల్టో దాకా ఎక్కండి. బొలీవియాలో, పెరూలో కూడా, ధర్నాలకి హైవేలు రోజుల తరబడి మూసేయడం మామూలు, కాబట్టి ఫ్లైట్‌కి ముందు రెండు మూడు రోజులు ఖాళీగా ఉంచుకోండి.

తిండి గురించి. మాంసం వద్దు అని మాత్రమే చెప్తే చికెన్ వేసి పెడతారు, సూపులో కూడా చికెన్ రసమే ఉంటుంది, అందుకని "సిన్ కార్నె, సిన్ పోయో, సిన్ పెస్కాదో" అని మూడూ చెప్పాలి, మాంసం, కోడి, చేప లేకుండా అని. పెరూలో చీఫా అనే చైనీస్ హోటళ్ళు ప్రతి వీధిలో ఉంటాయి, వెజ్ చౌఫా అంటే మన ఫ్రైడ్ రైసే. రొకోతో మిరపకాయ మన కారానికి సరిపోతుంది, పచ్చడి విడిగా అడిగితే ఇస్తారు. మొక్కజొన్న కండె, జున్ను ముక్క కలిపి రోడ్డు పక్కన అమ్ముతారు, చలి పొద్దున్న లా పాజ్‌లో ఊదా రంగు మొక్కజొన్నతో కాచిన అపీ వేడివేడిగా తాగండి.

బ్యూనస్ ఐరిస్‌కి వచ్చాక ఎత్తు బాధ పూర్తిగా పోతుంది, ఒక వారం పెట్టుకోండి. వంటగది ఉన్న చిన్న ఫ్లాట్ తీసుకుంటే అన్నం, పప్పు వండుకోవచ్చు, ఇన్నాళ్ళ తర్వాత ఆ పప్పన్నం ఎంత బావుంటుందో. 1913 నుంచి నడుస్తున్న మెట్రో ఉంది, ఆదివారం సాన్ తెల్మో సంత, కొలోన్ థియేటర్ లోపల టూర్. ఉల్లిపాయ, చీజ్ నిండా వేసిన ఫుగజెతా పిజ్జా వెజిటేరియన్లకి వరం. రాత్రి భోజనానికి తొమ్మిదికి ముందు వెళ్తే చాలా హోటళ్ళు తెరిచే ఉండవు, సాయంత్రం ఐదింటికి కాఫీతో ఏదైనా తినేసి వెళ్ళండి. టాంగో షో టికెట్ల కంటే మిలోంగాకి వెళ్ళడమే నయం, మామూలు జనం, అరవై డెబ్బై ఏళ్ళ జంటలు కూడా వచ్చి డాన్స్ చేసుకునే హాళ్ళు అవి, చాలాచోట్ల మొదట ఒక గంట క్లాసు కూడా ఉంటుంది, ఇద్దరూ చేరండి, జారుడు అడుగున్న బూట్లు మాత్రం వేసుకోండి.